బేచిరాకా? బేచిరాగా?

కృష్ణ ఒడ్డు: మా జేజినాయన ఒక మాట అనేవాడు, నాకు సగమే గుర్తుంది. "బేచిరాకు ఊరికి టపా..." టపా అంటే ఉత్తరాలే, ఆ తర్వాత ఏదో ఉంది. మా ఊరు 1981లో శ్రీశైలం నీళ్ళలో పోయింది. మొన్న ట్రంకుపెట్టె సర్దుతుంటే ఆయన పేరిట వచ్చిన కార్డు ఒకటి దొరికింది. పిన్‌కోడ్ గళ్ళున్నాయి కాబట్టి 1972 తర్వాతిదే. పంపిన ఊరి ముద్ర చెరిగిపోయి చివర "పాడు" ఒక్కటే మిగిలింది. ఆ సామెత ఎవరికైనా తెలుసా?

కరణంగారి మనవడు: ముందు మాట సరిచేసుకోండమ్మా, బేచిరాగు. బే అంటే లేని, చిరాగ్ అంటే దీపం. జనం లేని ఊరన్నమాట: పొలాలుంటాయి, సర్వే నంబర్లుంటాయి, దీపం పెట్టే దిక్కుండదు.

తలకోన: సార్, పార్సీలో గు కావచ్చు, మన నోట్లో కు. దిమాగ్ దిమాకు కాలేదా?

కరణంగారి మనవడు: మరి బషీర్‌బాగ్ బషీర్‌బాకు కాలేదే?

పెన్నేరు: చిరాకు లేని ఊరనుకున్నా ఇన్నాళ్ళూ. మనుషులే లేకపోతే ఇంక చిరాకెక్కడిది 😀

సున్నితం: ముద్రలో "పాడు" ఉందని శిథిలం అనుకోకండి. ఊరి పేరు చివర వస్తే ఊరనే అర్థం. ఏలూరు పక్కన పెదపాడు చూడండి, నిండా జనమే. పాడు, నాడు ఒకే కుదురు అని నా అనుమానం.

పలనాటి వాడు: ఆ అనుమానం మీ దగ్గరే ఉంచండి. నాడు అనగానే శ్రీనాథుడిదని చెప్పుకునే చాటువు గుర్తొచ్చింది, "సజ్జజొన్నకూళ్ళు సర్పంబులును తేళ్ళు", ఆహా. చివరి పాదాన్ని చాలామంది "పల్నాటి సీమ" అని చదివేస్తారు, గణం విరుగుతుంది. "పల్లెనాటి సీమ పల్లెటూళ్ళు", ఐదూ హగణాలే (ఒక గురువు, ఒక లఘువు). ఆయన తిట్టిన రాళ్ళసీమ పక్కనే నాగార్జునకొండ లోయ, అందులో పుల్లారెడ్డిగూడెం, అదీ నీళ్ళ కిందే.

సున్నితం: తిట్టాడో, మురిశాడో! తేళ్ళని కూడా ప్రాసలో కూర్చోబెట్టినవాడు తిట్టినట్టు నాకైతే అనిపించదు.

తలకోన: మావైపు కూడవెల్లి గుడిని రాయి రాయి విప్పి అలంపురం చేర్చారు. ఇళ్ళకు ఆ యోగం లేదు. వేసవిలో శ్రీశైలం జలాశయం నిండు మట్టం 885 అడుగుల నుంచి బాగా దిగితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, జనం బారులు తీరతారు. అప్పుడు దీపం పెడతారు కదా, మరి దాన్ని బేచిరాకు అనొచ్చా?

కరణంగారి మనవడు: గుళ్ళో దీపం లెక్కలోకి రాదు, పొయ్యి వెలగాలి. అయినా బేచిరాగు.

కృష్ణ ఒడ్డు: అయ్యా, అంతా బాగుంది, "టపా" తర్వాత ఏం మాటో చెప్పరూ?

పలనాటి వాడు: ఆగు తల్లీ, కు గు తేలనీ.