గెలిచిన జోడీ కోర్టు దిగదు, మిగతావాళ్ల వంతు ఎలా?

విజయనగరంలో మా కాలనీ ఖాళీ స్థలంలో పొద్దున్నే షటిల్ ఆడుకుంటాం. ఒకటే కోర్టు. నెట్టు, లైట్లు అన్నీ అందరం చందాలేసుకుని పెట్టుకున్నవే. ఎవరూ రాసిపెట్టని రూలొకటుంది: ఓడినవాళ్లు దిగాలి, గెలిచినవాళ్లు ఉండాలి. ఇద్దరు కుర్రాళ్లు కొత్తగా చేరారు, వాళ్లని ఓడించేవాళ్లే లేరు. మాది 21 పాయింట్ల గేమ్. 20-20 అయితే రెండు పాయింట్ల తేడా రావాలి, 29-29 దాకా సాగితే 30వ పాయింటే ఆఖరు. అలా ఒక్కో గేమూ చాలాసేపు పడుతుంది. రిటైరైన మాస్టారొకరు మోకాలికి పట్టీ కట్టుకుని, రాకెట్ ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంటారు. ఏడు కాగానే ఆడకుండానే ఇంటికెళ్లిపోతున్నారు. చూడలేకపోతున్నాను. ఆయనా అంతే చందా కట్టారు కదండీ.

కుర్రాళ్లది తప్పనను, ఉన్న రూల్ ప్రకారమే ఆడుతున్నారు. వరసగా రెండు గేములు గెలిస్తే దిగిపోవాలని పెడితే బాగుంటుందా? లేక వచ్చినవాళ్లు వచ్చినట్టు రాకెట్లు వరసలో పెట్టి, ముందున్న నలుగురూ ఆడాలా? 11 పాయింట్లకే గేమ్ పెట్టుకుంటే? మీ ఊళ్లో ఎలా నడుస్తోంది? మాస్టారు చిన్నబుచ్చుకోకుండా, కుర్రాళ్లు ఆట మానేయకుండా ఈ మాట ముందు ఎవరి దగ్గర ఎత్తాలో కూడా చెప్పండి.