క్యాలిపర్ అరిగిపోయింది, కొత్తదానికి ఇన్సూరెన్స్ వస్తుందా?

ప్రశ్న (తెనాలి నుంచి, టీచర్):
అందరికీ నమస్కారం. నాకు రెండో ఏట పోలియో వచ్చింది. ఎడమ కాలికి తొడ దాకా క్యాలిపర్ (కాలిని నిలబెట్టే కమ్మీలు, తోలు పట్టీల సాధనం) వేసుకుని నడుస్తాను. ఇప్పుడున్నది తొమ్మిదేళ్ల నాటిది. మోకాలు మడత పడకుండా పట్టే లాక్ రింగు అరిగిపోయి, నిలబడినప్పుడు పూర్తిగా కిందికి దిగడం లేదు. పోయిన నెల ఐదో తరగతిలో బోర్డు మీద రాస్తుంటే లాక్ వదిలేసి మోకాలు మడత పడింది. టేబుల్ అందింది కాబట్టి పడలేదు. పిల్లలు బెదిరిపోయారు. అప్పటి నుంచి మెట్లంటే టెన్షన్.

కొత్తదానికి 28,000 అవుతుందన్నారు. మా ఆయన కంపెనీ గ్రూప్ పాలసీలో నా పేరు ఉంది. డాక్టర్ చీటీ, కొటేషన్ పెడితే, ఆసుపత్రిలో చేరలేదని, పైగా ఇది చెల్లించని వస్తువుల్లో ఉందని తిప్పి పంపారు. ఇది లేకపోతే నేను మంచం దిగి బాత్రూం దాకా కూడా వెళ్లలేను. బీమా ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్‌కి రాస్తే ఫలితం ఉంటుందా?

జవాబు (విశాఖ, క్లెయిమ్స్ విభాగంలో రిటైరైన ఉద్యోగి):
అమ్మా, బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ వాళ్ల 68 చెల్లించని వస్తువుల జాబితాలో మోకాలి బ్రేసులు, నడక సాధనాలు రెండూ ఉన్నాయి. పాలసీలో ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప వాటికి డబ్బు రాదు. ఆ జాబితాకి కూడా వర్తించే రైడర్లు (పాలసీకి అదనంగా కలుపుకునే కవర్లు) ఉన్నాయి గానీ, అవి ఆసుపత్రిలో చేరిన క్లెయిముతోనే పనిచేస్తాయి. మీ వారిని హెచ్ఆర్ దగ్గర పాలసీ పూర్తి కాపీ అడగమనండి. కొన్ని కంపెనీలు ఇలా ఒంటికి బయట తగిలించుకునే సాధనాలకి పాలసీలో కొంత మొత్తం రాయించుకుంటాయి. అలా రాసి ఉండి కూడా ఇవ్వకపోతే ముందు బీమా కంపెనీకే ఫిర్యాదు పెట్టండి. నెలలో తేల్చకపోతే హైదరాబాద్‌లోని అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, ఫీజు లేదు. రాసి లేకపోతే మాత్రం అక్కడ ఎక్కువ ఆశ పెట్టుకోకండి.

జవాబు (గుంటూరు, నేనూ క్యాలిపరే):
అక్కా, మీ పేస్లిప్‌లో ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కట్ అవుతోందా చూడండి. వికలాంగులకైతే నెల జీతం 25,000 దాకా అది వర్తిస్తుంది. ఈఎస్ఐలో క్యాలిపర్ లాంటి సాధనాలు కూడా ఇస్తారు. డిస్పెన్సరీ డాక్టర్ రాస్తే పెద్దాసుపత్రి ఎముకల విభాగానికి పంపుతారు. నాకు అలాగే వచ్చింది. అది కుదరకపోతే వికలాంగులకి సాధనాలు ఇచ్చే కేంద్రం వాళ్ల అడిప్ పథకం ఉంది. నెల ఆదాయం 22,500 లోపు ఉంటే ఉచితం, 30,000 దాకా సగం ధర. మూడేళ్లలో అలాంటి సాధనం తీసుకుని ఉండకూడదు. యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు), ఆదాయ పత్రం దగ్గర పెట్టుకోండి.

ఒక్క మాట, ఆ లాక్‌తో నడవొద్దు. కమ్మీలు బాగుంటే మోకాలి జాయింటు, తోలు పట్టీలు మాత్రం మార్పించుకోవచ్చు. కొత్తది వచ్చేదాకా అది చేయించండి. నేను రేపు మాపు అంటూ ఆగి తుంటి విరగ్గొట్టుకున్నాను.

ప్రశ్న అడిగిన టీచర్:
తమ్ముడూ, ఇప్పుడే పేస్లిప్ తీసి చూశాను. జీతం 19,000, ఈఎస్ఐ అని ప్రతి నెలా 143 రూపాయలు కట్ అవుతోంది! అది జ్వరాలకీ కాన్పులకీ అనుకుని ఆయన పాలసీ చుట్టూ రెండు నెలలు తిరిగాను. సోమవారం సెలవు పెట్టి డిస్పెన్సరీకి వెళ్తున్నా. జాయింటు మార్చడానికి రేపు ఉదయమే ఇస్తాను. పెద్దాయనకి, నీకు చాలా థ్యాంక్స్.