టెక్సాస్‌లో డాలస్ పక్కనున్న కాలిన్ కౌంటీలో నేల కొని కోళ్లు, కూరగాయలు పెంచుకుంటూ బతకొచ్చా?

ఫ్రిస్కో_రైతు:
నమస్తే అండి. 2021 ఫిబ్రవరి మంచు తుఫాను అప్పటినుంచి ఒకటే ఆలోచన, కాస్త నేలున్న చోటికి మారి, బావి తవ్వించి, నాలుగు రోజులు కరెంటు లేకపోయినా టెన్షన్ లేకుండా ఉండాలని. ఉద్యోగాల వల్ల కౌంటీ దాటలేం. ఎవరైనా చేశారా?

గోంగూర_మడి:
నేలకి దిగుల్లేదు, అచ్చం మన నల్లరేగడే. వాన పడితే చెప్పులకి కిలో మట్టి అంటుకుంటుంది, ఆగస్టులో నెర్రెల్లో చెయ్యి దూరుతుంది. గోంగూర, బెండ విరగకాస్తాయి. టమాటా మాత్రం జూలై ఎండకి పూత రాల్చేస్తుంది, మార్చి చివర్లో చలి పోగానే నాటేయాలి. ఆ నెర్రెలే ఇంటి పునాదినీ కదిలిస్తాయి, అందుకే ఎండాకాలం మొక్కలతో పాటు ఇంటి చుట్టూ కూడా నీళ్లు పెడుతుంటాం, చూసినవాళ్లు నవ్వుతారు.

ప్లేనో_అక్క:
ఆ ఫిబ్రవరిలో డాలస్ ఎయిర్‌పోర్టు దగ్గర మైనస్ 19 డిగ్రీలకి పడిపోయింది. మా అటక మీద పైపు పగిలి హాల్లో సీలింగ్ ఊడి సోఫా మీద పడింది. నీళ్లు ఆపుదామంటే వీధిలో నీళ్ల మీటరు మూత మంచు కింద ఎక్కడుందో తెలీదు, తెలిసినా అక్కడి వాల్వు తిప్పే కీ లేదు. బాత్రూమ్‌కి పెరట్లో మంచు తపేలాలతో తెచ్చి కరిగించాం, తపేలా నిండా మంచు పెడితే అడుగున కాసిన్ని నీళ్లు! గ్యాస్ స్టవ్ ఉండబట్టి పప్పన్నం తిన్నాం. తమ్ముడూ, ఎకరాల సంగతి తర్వాత, ముందు ఆ కీ కొను.

బ్లూరిడ్జ్_తేనె:
మాది 5 ఎకరాలు, తేనెపట్టు. టెక్సాస్‌లో 5 నుంచి 20 ఎకరాల లోపు తేనెటీగలు పెంచినా వ్యవసాయ భూమికుండే తక్కువ పన్ను లెక్కే వర్తిస్తుంది, కానీ ఆ భూమి గత 7 ఏళ్లలో 5 ఏళ్లు వ్యవసాయంలో ఉండి ఉండాలి, కొనేముందు అది అడగండి. తర్వాత మీరు వాడకం మారిస్తే వెనకటి 3 ఏళ్ల పన్ను తేడా కట్టించుకుంటారు. బావి మీద ఆశ పెట్టుకోకండి, ఇక్కడ నీళ్లు చాలా లోతు, మేం ఖర్చు విని పల్లె నీళ్ల కార్పొరేషన్ కుళాయే తీసుకున్నాం. ప్రిన్స్‌టన్ చుట్టుపక్కల కొంటే మాత్రం నాలుగేళ్లలో పక్కన కాలనీ లేస్తుంది, ఇళ్లు ఎంతలా పెరిగాయంటే 2024లో ఆ ఊరి సిటీ కౌన్సిలే కొత్త ఇళ్ల అనుమతులు కొన్నాళ్లు ఆపేసింది.

గోంగూర_మడి:
సుడిగాలి సంగతి కూడా చూసుకోండి. 2015 డిసెంబర్ 26న మన కౌంటీలోనే కోప్‌విల్ ఊరి మీదకి వచ్చింది. ఈ మట్టిలో బేస్‌మెంట్లు కట్టరు, గ్యారేజీ నేలలో షెల్టర్ పెట్టించుకోవాల్సిందే.

ఫ్రిస్కో_రైతు:
అప్పటిదాకా ఇక్కడే వాననీటి డ్రమ్ములు పెడదామంటే మా హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) కుదరదంటోంది.

ప్లేనో_అక్క:
పూర్తిగా కాదనే హక్కు వాళ్లకి లేదు, రాష్ట్ర చట్టమే ఉంది. రంగు, ఇంటి ముందు పెట్టకూడదు లాంటివి మాత్రం చెప్పొచ్చు. కోళ్లకైతే ఆ ధీమా లేదు, సిటీ ఒప్పుకున్నా హెచ్ఓఏ అడ్డుపడుతుంది.

ఫ్రిస్కో_రైతు:
మీటరు కీ కొన్నానక్కా. ఆదివారం ఫార్మర్స్‌విల్ వైపు ఒక స్థలం చూడ్డానికి వెళ్తున్నాం. బ్లూరిడ్జ్ గారూ, మీ ఊరు అటువైపేగా, తేనె ఉంటే రెండు సీసాలు తీసి ఉంచండి.