7018 రాడ్‌తో నిలువు వెల్డింగ్‌కి పనికొచ్చే పుస్తకం ఏది?

గేట్లు, గ్రిల్స్ పనిలో 6013 రకం వెల్డింగ్ రాడ్ నాకు బాగా అలవాటు. ఇప్పుడు ఒక షెడ్డు పనిలో 10 ఎంఎం ప్లేట్లకు 7018తో కింది నుంచి పైకి నిలువు జాయింట్లు వేయాలి. అక్కడే ఆగిపోయాను.

మెషిన్ 250 ఆంప్స్ ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్, రాడ్ 3.15 ఎంఎం, రాడ్ పట్టే హోల్డర్ ప్లస్‌లో పెట్టాను. 90 ఆంప్స్ దగ్గర రాడ్ అతుక్కుపోతోంది, 130కి పెంచితే కరిగిన లోహం కిందికి జారుతోంది. 110 దగ్గర పర్వాలేదు కానీ, ఆర్క్ మొదలుపెట్టిన ప్రతిచోటా మొదటి అర అంగుళంలో గుండుసూది తలంత రంధ్రాలు. స్లాగ్ (వెల్డ్ మీద గట్టిపడే పెంకు) కొట్టాక వరుసగా కనబడతాయి. తుప్పు, పెయింట్ గ్రైండర్‌తో పూర్తిగా తీశాను. కొత్త ప్యాకెట్ విప్పాను. ఆర్క్ పొట్టిగా పట్టాను. తగ్గాయే తప్ప పోలేదు. 7018కి తేమ పడదని తెలుసు, అందుకే వాడే ముందు ఓవెన్‌లో కాల్చాలంటారు. ఎంత వేడి, ఎంతసేపు అన్నది మాత్రం ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

వీడియోలు చాలా చూశాను, ఎవరూ కారణం చెప్పరు. ప్యాకెట్ మీద ఆంప్స్ రేంజి ఒక్కటే ఉంది. వెల్డింగ్ రాడ్లకు భారత ప్రమాణమైన ఐఎస్ 814 తెచ్చుకుని చదివాను. అది రాడ్ల వర్గీకరణకు, పరీక్షలకు సంబంధించినది, చేతిపనికి ఉపయోగపడలేదు. ఈ జాయింట్లు బరువు మోసేవి, అందాజాగా వేయడం నాకిష్టం లేదు.

7018 నిలువు వెల్డింగ్‌కి ఆంప్స్, రాడ్ కోణం, కాల్చే పద్ధతి, రంధ్రాలకు కారణాలు అన్నీ ఒకేచోట ఉండి, పని చేసేవాడికి అర్థమయ్యే పుస్తకం గానీ పీడీఎఫ్ గానీ మీరు స్వయంగా వాడినది ఏదైనా ఉందా?