మొదటి చిత్రిక: 4వ నంబరా, 5వ నంబరా?

కొత్తచెయ్యి_విజయనగరం: ఆదివారాలు వడ్రంగం నేర్చుకుంటున్నాను. అమ్మకి పనస చెక్కతో పీట చెయ్యాలి. చెక్కని చదును చేసే ఇనప చిత్రిక 4వ నంబరు కొనాలా, 5 కొనాలా? కర్ర చిత్రిక ఇంకా ఎవరైనా వాడుతున్నారా? సానరాయి ఏది మంచిది?

రాజాం_టేకు: 5 కొనండి. పద్నాలుగు అంగుళాలుంటుంది కాబట్టి మిట్టల మీద కూర్చుని వాటినే కోస్తుంది. 4 పది అంగుళాలకి కొంచెం తక్కువ, పల్లాల్లోకి కూడా దిగిపోతుంది. నేను 4తో నాలుగడుగుల పలకని ఒక ఆదివారమంతా తోశాను. అద్దంలా నున్నగా అయింది కానీ నేల మీద పెడితే ఊగింది.

పలాస_పెరడు: నంబరు తర్వాత, ముందు చిత్రిక అడుగుభాగం చదునుగా ఉందో లేదో చూసుకోండి. ఆన్‌లైన్‌లో చవకగా కొన్నదాని అడుగు మీద స్కెచ్ పెన్నుతో గీతలు గీసి, గాజు పలక మీద ఎమరీ కాగితం పరిచి రుద్దాను. ముందూ వెనకా గీతలు చెరిగిపోయాయి, బ్లేడు బయటికి వచ్చే నోటి దగ్గరవి మాత్రం అలాగే ఉన్నాయి. అక్కడ ఆనకపోతే అది చిత్రికే కాదు. రెండు సాయంత్రాలు పట్టింది, జబ్బలు పడిపోయాయి.

నరసన్నపేట_పాతినుము: అందుకే పాతది కొనమనేది. స్టాన్లీ కంపెనీ వాళ్ళు ఈ ఇనప చిత్రికల రూపకర్త బెయిలీ పేటెంట్లు కొన్నది 1869లో. ఇప్పటికీ బ్లేడుని సర్దే అదే మర, అదే 45 డిగ్రీల వాలు. తుప్పుదాన్ని రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి ఇనప పీచుతో రుద్దండి, చాలు.

బొబ్బిలి_ఉలి: మాది మూడు తరాల వడ్రంగం, నలభై ఏళ్ళుగా చేస్తున్నాను. పనస మంచి చెక్క బాబూ, ఇక్కడ గొల్లపల్లిలో వీణలు చెక్కేది పనస దుంగనే. మామిడి జోలికి మాత్రం పోకు. నార అటూ ఇటూ తిరిగి ఉంటుంది, పేళ్ళు లేచిపోతాయి.

చీపురుపల్లి_తోట: మామిడిని అలా తీసిపారెయ్యకండి. బ్లేడు మీద బిగించే రేకుని అంచుకి వెంట్రుకంత దూరం దాకా జరపండి, పేళ్ళు ఎందుకు లేస్తాయో చూద్దాం. మా ఇంట్లో బల్లలన్నీ మామిడివే.

బొబ్బిలి_ఉలి: నాకు రేకు పాఠాలు చెబుతున్నారా? మా తాత రేకు లేని కర్ర చిత్రికతోనే ద్వారబంధాలు చేశాడు.

చీపురుపల్లి_తోట: తాతగారి చేతికి దండం పెడతాను. అడిగింది కొత్తవాళ్ళు, ఆ చెయ్యి వాళ్ళకి ఎక్కడ దొరుకుతుంది? చెక్కని తిట్టి పంపిస్తే ఎవరు నేర్చుకుంటారు?

రాజాం_టేకు: పెద్దాయనతో ఆ మాటతీరు బాగాలేదు. అయినా పాత చెక్కైతే ముందు మేకులు వెతకండి. పాత తలుపు టేకులో విరిగిన మేకు తగిలి నా బ్లేడు అంచు లేచిపోయింది.

పలాస_పెరడు: 2018లో తిత్లీ తుపానుకి మా పనస చెట్టు కూలిపోయింది. నాన్న నాటింది. కోయించి నీడన పేర్చాను. ఇప్పటికీ చిత్రిక పడితే లోపల పసుపు పచ్చగా మెరుస్తుంది. దానితో దేవుడి పీఠం చేశాను.

కొత్తచెయ్యి_విజయనగరం: నరసన్నపేట వారి మాట విని పాత 5 కొన్నాను. సానరాయి సంగతి ఎవరూ చెప్పలేదండీ.

బొబ్బిలి_ఉలి: వెయ్యి నంబరు రాయి ఒక్కటి తీసుకో. ముందు బ్లేడు వీపు చదును చెయ్యి, తర్వాత అంచు 30 డిగ్రీల్లో పట్టు. పని అయ్యాక నూనె గుడ్డతో తుడువు, మన గాలికి వారంలో తుప్పు పడుతుంది. రేకు కూడా దగ్గరగానే పెట్టుకో.