మధ్యాహ్నం దాకా మూసి ఉంచితే కోళ్లకు పెట్టె అలవాటవుతుందా?

పచ్చికబయలు:
కొత్తగా గుడ్డుకొచ్చిన కోళ్లు గుడ్ల కోసం ఉంచిన పెట్టెలు వదిలేసి పొదల్లోనో షెడ్డు మూలల్లోనో గుడ్లు పెడుతుంటే ఏం చేయాలనే దానిమీద రెండు వాదనలున్నాయి. పది పదిహేను రోజులు మధ్యాహ్నం దాకా బయటికి వదలకపోతే గత్యంతరం లేక పెట్టెలోకే వెళ్తాయనేది ఒకటి. లోపం పెట్టెలో ఉంటుంది, కోడిని మూసిపెట్టి లాభం లేదనేది రెండోది. ముందు ఏది చేయాలి? కొలతలతో, కారణాలతో చెప్పండి.

ఎర్రతురాయి:
ముందు మూసి ఉంచడమే. చాలా కోళ్లు తెల్లవారాక ఐదారు గంటల్లోపు గుడ్డు పెట్టేస్తాయి. ఒక్కో గుడ్డు తయారవడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది కాబట్టి ఏ రోజుకారోజు కాస్త ఆలస్యమవుతూ పోతుంది. పొద్దు వాలేదాకా జరిగాక ఒక రోజు ఆగి మళ్లీ ఉదయం నుంచే మొదలవుతుంది. అంటే ఒంటి గంట దాకా లోపల ఉంచితే ఎక్కువ గుడ్లు లోపలే పడతాయి. ప్రతి పెట్టెలో ఒక చెక్కగుడ్డో పింగాణీ గుడ్డో పెట్టండి. ఇప్పటికే గుడ్డు ఉన్న చోటును కోడి నమ్ముతుంది. పింగ్‌పాంగ్ బంతులు పెట్టకండి, తేలిక కాబట్టి గోకితే బయటికి దొర్లిపోతాయి. రెండు వారాలయ్యాక రోజు విడిచి రోజు గంట ముందుగా తలుపు తీస్తూ రండి. మళ్లీ పొదలో గుడ్డు కనబడితే వెనక్కి వెళ్లి ఇంకో వారం మూసి ఉంచాలి.

గూడుమేస్త్రి:
ఎర్రతురాయి గారూ, మీ లెక్క సరే, కానీ దాంతో గుడ్డు లోపల పడుతుందంతే, పెట్టెలో పడుతుందన్న హామీ లేదు. పెట్టె నచ్చని కోడిని మూసి ఉంచితే షెడ్డులో అన్నిటికన్నా చీకటిగా ఉన్న మూల చూసుకుని అక్కడ గోకి కూర్చుంటుంది. నిన్నటిదాకా పొదలో దొరికిన గుడ్డు ఇవాళ రెట్టల్లో దొరుకుతుంది. అది ఇంకా నష్టం. గుడ్డు బయటికొచ్చేటప్పుడు కోడి ఒంటి వేడి, అంటే దాదాపు 41 డిగ్రీలు ఉంటుంది. చల్లారుతుంటే లోపలి పదార్థం కుంచించుకుని పెంకు రంధ్రాల గుండా గాలిని పీల్చుకుంటుంది. చుట్టూ తడి రెట్ట ఉంటే ఆ మురికి కూడా గాలితో పాటే లోపలికి పోతుంది.

అందుకే ముందు పెట్టె చూడాలి. మామూలు సైజు కోడికి పొడవు, వెడల్పు, ఎత్తు 30 సెంటీమీటర్లు, బరువు జాతులకు 35. నాలుగైదు కోళ్లకు ఒక పెట్టె. గడ్డీ గుడ్డూ బయటికి దొర్లకుండా ముందు 10 నుంచి 15 సెంటీమీటర్ల అడ్డుపలక. పెట్టె నేలకు 45 నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే చాలు, ఎక్కడానికి ముందు ఒక కర్ర ఉండాలి. ఎక్కువమంది పొరబడేది రాత్రి కూర్చునే దండెకర్ర విషయంలో. కోడి రాత్రికి ఎత్తైన చోటే వెతుక్కుంటుంది. దండెకర్ర పెట్టెకన్నా ఓ 30 సెంటీమీటర్లు పైనే ఉండాలి. అలా లేకపోతే పెట్టెలోనే నిద్రపోతాయి, అందులోనే రెట్ట వేస్తాయి, తెల్లారి అదే మురికి చూసి గుడ్డు పెట్టడానికి వేరే చోటు వెతుక్కుంటాయి. పెట్టె కప్పు 45 డిగ్రీల వాలుగా ఉంటే పైన కూడా నిద్రకు చేరవు.

ఎర్రతురాయి:
షెడ్డు మూలలో గుడ్డు పెట్టే సమస్యకు ఆ మూలను మూసేస్తే సరి. ఏటవాలుగా ఒక పలక కొట్టండి, లేదా ఇటుకలు పేర్చండి. నేల గడ్డి 5 సెంటీమీటర్లు దాటనివ్వకండి. నేలమీదే దిండులా మెత్తగా ఉంటే పెట్టె ఎందుకెక్కుతుంది? షెడ్డు మూలలకన్నా పెట్టె లోపలే చీకటిగా ఉండాలి.

మీరు దాటేసిన సంగతి ఒకటుంది. పెట్టె ఎంత బాగా కట్టినా, దట్టమైన పొద దానికన్నా బాగుంటుంది. గుడ్డును ఎవరి కంటా పడకుండా దాచడం కోడి స్వభావం. బయట పొద అందుబాటులో ఉన్నంతకాలం మీ 30 సెంటీమీటర్ల చెక్క దానికి పోటీ ఇవ్వలేదు. అలవాటైన చోటు కొన్నాళ్లు దొరక్కపోతే తప్ప కోడి మనసు మార్చుకోదు. దొరక్కుండా చేయాలంటే తలుపు మూయాల్సిందే.

రాత్రిదీపం:
ఇద్దరూ చెప్పనిది నేను చెబుతాను. నిన్నటిదాకా పెట్టెలో పెట్టి హఠాత్తుగా మానేసిన కోళ్లయితే అది అలవాటు సమస్య కాదు, పురుగులను అనుమానించండి. పగలు చెక్క సందుల్లో దాక్కుని రాత్రి బయటికొచ్చి రక్తం తాగే సన్న ఎర్రపురుగులు ఉంటాయి. పగలు కనపడవు. చీకటి పడ్డాక టార్చి వేసి పెట్టె కీళ్లు, దండెకర్ర చివరలు చూడండి. తెల్ల కాగితంతో సందును తుడిస్తే ఎర్రటి చారలు పడతాయి. అలాంటి పెట్టెలో కోడిని మూసి ఉంచడం దాన్ని హింసించడమే. గడ్డి మొత్తం తీసి తగలబెట్టి, పెట్టె విప్పి సలసల కాగే నీళ్లు సందుల్లోకి పోయాలి. పురుగుల గుడ్లలో ఉన్నవి తర్వాత బయటికొస్తాయి కాబట్టి వారం తర్వాత మళ్లీ చేయాలి.

ఇంకొకటి. పొద్దున్నే దండెకర్ర కింద పగిలిన గుడ్డో తోలుగుడ్డో కనిపిస్తే అది పెట్టె తప్పూ కాదు, కోడి మొండితనమూ కాదు. పెంకు సరిగా పట్టక ముందే రాత్రి జారిపోయింది. పెంకుకు సున్నం అందేలా వేరే గిన్నెలో ఆల్చిప్పల పలుకులు ఎప్పుడూ ఉంచండి, దాణాలో కలపొద్దు. ఎంత కావాలో అవి తిని చూసుకుంటాయి.

గూడుమేస్త్రి:
పొద విషయంలో ఎర్రతురాయి గారి మాట ఒప్పుకుంటున్నాను. బయట గూడు కట్టుకున్న కోడికి మూయడం తప్పదు. షెడ్డు నేలమీద పెట్టేదానికి మాత్రం అది మందు కాదు, ఆ తేడా చెప్పకుండా అందరికీ మూయమనడం తప్పు. షరతులు కూడా చెప్పాలి. లోపల ఒక్కో కోడికి కనీసం 4 చదరపు అడుగుల చోటు, ఎప్పుడూ నీళ్లు, గాలి ఆడే జాలి. కోడికి చెమట పట్టదు, ఒళ్లు చల్లబరచుకోవడానికి రొప్పడమే ముఖ్యమైన దారి. నోరు తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుని నిలబడితే వెంటనే తలుపు తీసేయండి, గుడ్డు పొదలో పడినా సరే. ఇరుకులో ఒకదాని ఈకలొకటి పీక్కోవడం మొదలైతే ఆ అలవాటు మాన్పడం గుడ్డు అలవాటుకన్నా కష్టం.

అసలు ఇంత దూరం రాకుండా ముందే చూసుకోవచ్చు. కోడిపిల్లలకు నెలా నెలన్నర నుంచే కర్రలెక్కడం నేర్పితే పెద్దయ్యాక పైకి ఎగిరి పెట్టె చేరడానికి జంకవు. మొదటి గుడ్డుకు రెండు మూడు వారాల ముందు పెట్టెలు తెరవండి. తురాయి ఎర్రబారడం, చెయ్యి చాస్తే నేలకు వంగి కూర్చోవడం మొదలైతే ఆలస్యం చేయకూడదు. పెట్టెలను రాత్రి మూసి తెల్లవారకముందే తెరవాలి, కొన్ని చీకటితోనే పెట్టేస్తాయి.

సందెవెలుగు:
మేత వేళ కూడా చూడండి. పొద్దున్న పెట్టెలో కూర్చున్న కోడి మేత డబ్బా చప్పుడికి లేచి వచ్చేస్తుంది, తిరిగి వెళ్లేలోపు గుడ్డు దారిలో జారిపోతుంది. తెల్లవారుతూనే వేయండి, లేదా గుడ్లన్నీ పడ్డాక వేయండి. నేలమీది గుడ్డు కనబడ్డ క్షణమే తీసేయాలి, ఒక్కటి మిగిలినా మిగతావాటికి అదే పిలుపు. మొదటి వారాల్లో రోజుకు నాలుగైదు సార్లు తిరగాలి.

నేలమీద కూర్చున్న కోడిని ఎత్తి పెట్టెలో పెట్టొచ్చా?

ఎర్రతురాయి:
పెట్టొచ్చు. చేతులతో రెక్కలు కప్పి నెమ్మదిగా ఎత్తి, పెట్టె ముందు గోనె వేలాడదీసి గుడ్డు పడేదాకా వదిలేయండి. రెండు మూడు రోజుల్లో తనే వెళ్తుంది.

గూడుమేస్త్రి:
ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. బెదిరిన కోడి గుడ్డును లోపలే ఆపుకుంటుంది. ఎక్కువసేపు ఆగితే పెంకుమీద అదనపు సున్నం తెల్లటి పొడిలా పేరుకుంటుంది. అలాంటి పెంకు కనిపిస్తే మీరు ఎత్తిన చోటు దానికి భయంగా ఉందన్నమాట. ఇంకా తిరుగుతూ, మూలలు తొంగి చూస్తున్న దశలో పెట్టెవైపు మళ్లించండి, గోనెను సగం మాత్రమే దించండి. గోకి కూర్చున్నాక కదిలించకండి. గుడ్డు పెట్టి లేచాక తీసేసి ఆ గుంట పూడ్చి అక్కడ ఇటుక పెట్టండి.

పచ్చికబయలు:
ఖాళీగా నాలుగు పెట్టెలున్నా అన్నీ ఒక్కదాని ముందే ఎగబడుతుంటే? పొదలో గూడు దొరికితే ఆ గుడ్లు?

రాత్రిదీపం:
ఒక్కదానికోసం పోట్లాడటం మామూలే, గుడ్డు చూసి గుడ్డు పెట్టడం వాటి తీరు. మిగతా మూడింట్లో చెక్కగుడ్లున్నాయా, గడ్డి ఒకేలా ఉందా చూడండి. ఇష్టపడేదానిలో పొదుగుకు కూర్చున్న కోడి ఉంటే అది మిగతావాటిని పొడిచి తరిమేస్తుంది. దాన్ని అడుగున జాలి ఉన్న బోనులో మేత నీళ్లతో మూడు నాలుగు రోజులు ఉంచితే పొదుగు వదిలేస్తుంది.

పొద గుడ్లను నీళ్ల గిన్నెలో వేయండి. అడ్డంగా పడుకుంటే తాజాది, నిలబడితే పాతబడింది, తేలితే పారేయండి. తేలకపోయినా పగుళ్లున్నవాటిని, ఎన్నాళ్లవో తెలియనివాటిని తినకండి. నీళ్లు చల్లగా కాక గోరువెచ్చగా ఉండాలి, కారణం పైన గూడుమేస్త్రి గారు చెప్పిందే. నీళ్లలో వేసిన గుడ్డును దాచిపెట్టకుండా ఆ రోజే బాగా ఉడికించి వాడేయండి.