స్లైడ్ ఔట్ గది ఒక పక్క మూసుకుంటోంది, రెండో పక్క ఆగిపోతోంది: మోటార్లు మార్చాల్సిందేనా?

ప్రశ్న (డాలస్ నుండి)

అందరికీ నమస్కారం. మాది 28 అడుగుల ట్రావెల్ ట్రైలర్, అంటే బండి వెనుక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు. వాడిన బండినే రెండేళ్ళ క్రితం కొన్నాము. సోఫా, భోజనాల బల్ల ఉన్న గది ఒకటి బయటికి జరుగుతుంది. గోడలోనే పళ్ళ పట్టాలు ఉండి, రెండు పక్కలా ఒక్కొక్క మోటారుతో నడిచే రకం అది. పోయిన వారం అమరిల్లో దగ్గరి పాలో డ్యూరో కేన్యన్‌లో మూడు రాత్రులు ఉండి, తిరుగు ప్రయాణం నాటి ఉదయం బటన్ నొక్కితే, గది ముందు పక్క పూర్తిగా లోపలికి వచ్చింది కానీ వెనుక పక్క 2 అంగుళాల దూరంలో ఆగిపోయింది. నాలుగైదు సార్లు అటూ ఇటూ నడిపాక ఎలాగో మూసుకుంది. మోటారు మాత్రం మూలిగినట్టు చప్పుడు చేసింది. బ్యాటరీ 12.5 వోల్టులు చూపిస్తోంది కనుక లోపం అక్కడ లేదనుకుంటున్నాను. ఇక్కడి మెకానిక్ ఒకాయన రెండు మోటార్లూ మార్చాలంటున్నారు. అంత ఖర్చు పెట్టే ముందు మేమే చూసుకోదగినవి ఏమైనా ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు (ఫీనిక్స్ నుండి)

ఆ 12.5 వోల్టులు మీరు ఎప్పుడు కొలిచారో చెప్పగలరా? మోటారు తిరగనప్పుడు కొలిస్తే ఆ అంకె వల్ల పెద్దగా ప్రయోజనం లేదండీ. ఇంట్లో ఒకరిని బటన్ నొక్కి పట్టుకోమని, అదే సమయంలో మీరు మల్టీమీటరును ముందు బ్యాటరీ దగ్గర, తరువాత గదిని నడిపే కంట్రోలర్ పెట్టె దగ్గర పెట్టి చూడండి. బ్యాటరీ దగ్గర 12 ఉండి పెట్టె దగ్గర 10 మాత్రమే వస్తుంటే, మిగిలినది దారిలో ఏదో వదులు కనెక్షన్ తినేస్తోందని అర్థం. క్యాంపులో కరెంటు తగిలించి ఉన్నా, ఈ మోటార్లు ఒక్కసారిగా లాగే కరెంటుకు బ్యాటరీ తోడ్పాటు కావలసిందే.

జవాబు (హ్యూస్టన్ నుండి)

పై సలహానే ముందు పాటించండి. కొలత తీయకుండా మోటార్లు మార్చమనడం నాకు సబబుగా అనిపించలేదు.

మీ రకంలో రెండు పక్కలా ఉన్న మోటార్లను కలిపే ఇరుసు ఏదీ ఉండదు. ఏ మోటారు ఎన్ని చుట్లు తిరిగిందో కంట్రోలర్ లెక్కపెట్టుకుంటూ రెండింటినీ సమానంగా నడుపుతుంది. వోల్టేజి పడిపోయినా, గది పూర్తిగా చేరకముందే మనం బటన్ మీద వేలు తీసేసినా ఆ లెక్క తప్పుతుంది. చాలామంది చేసే పొరపాటు ఈ వేలు తీయడమే. గది ఆగినట్టు కనబడగానే వదిలేస్తారు. మోటార్లు వాటంతట అవే ఆగేవరకు, అంటే మరో నాలుగైదు సెకన్లపాటు, బటన్ నొక్కే ఉంచాలి.

లెక్క సరిచేయడానికి గదిని పూర్తిగా బయటికి పంపి, మోటార్లు ఆగేదాకా నొక్కి ఉంచండి. తరువాత ఒకటి రెండు అంగుళాలు లోపలికి తెచ్చి మళ్ళీ బయటికి పంపండి. రెండు పక్కలూ కలిసి కదిలేదాకా ఇలా చేయండి. గది వంకరగా ఉన్నప్పుడు మాత్రం లోపలికే లాగాలని పదేపదే నొక్కకండి. పళ్ళు అరిగిపోయేది అప్పుడే. పాలో డ్యూరో ఎర్రమట్టి పట్టాలలో చేరి ఉంటుంది కనుక మెత్తని బ్రష్‌తో దులిపి, ఆరిపోయే రకం సిలికాన్ స్ప్రే పలుచగా కొట్టండి. గ్రీజు పూయవద్దు, అది దుమ్మును పట్టి ఉంచుతుంది.

ప్రశ్న అడిగినవారు

మీ ఇద్దరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. ఈ ఉదయం మా ఆవిడ బటన్ నొక్కి పట్టుకోగా నేను కొలిచాను. బ్యాటరీ దగ్గర 12.1, కంట్రోలర్ దగ్గర 10.3 వచ్చింది. తీగ వెంట వెతుక్కుంటూ పోతే, నెగటివ్ తీగను ఛాసిస్‌కు బిగించిన బోల్టు కింద తుప్పు పొర కట్టి ఉంది. తీగ చివర బోల్టు దూరే రింగును చేత్తో తిప్పితే తిరిగింది. గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, కొత్త వాషరు వేసి బిగించాక కంట్రోలర్ దగ్గర 11.7 వచ్చింది. మూడుసార్లు బయటికి పంపి సరిచేశాక గది రెండు పక్కలా ఒకేసారి మూసుకుంది.

జవాబు (అట్లాంటా నుండి)

సంతోషం. గది బయట ఉన్నప్పుడే చుట్టూ ఉన్న రబ్బరు సీళ్ళు కూడా చూడండి. మా ట్రైలర్‌లో పై సీలు మూల దగ్గర చిరిగిన సంగతి ఏడాదిపాటు మేము గమనించలేదు. మూసే ముందు గది కప్పు మీది పైన్ ఆకులు ఊడ్చేవాళ్ళం కాదు, అవే సీలు కిందికి చేరి దాన్ని చింపాయి. నీరు లోపలికి ఇంకి, సోఫా వెనుక నేల చెక్క వేలితో నొక్కితే దిగిపోయేంతగా కుళ్ళింది. సీళ్ళను సబ్బు నీటితో కడిగి ఆరబెట్టి, రబ్బరు కోసం చేసిన కండిషనర్ ఏడాదికి రెండుసార్లైనా రాయండి. పెట్రోలియంతో చేసినవి రబ్బరును ఉబ్బిస్తాయి కనుక వాడకండి. నేలను ముఖ్యంగా బయటి మూలల దగ్గర గట్టిగా నొక్కి చూడండి.

ప్రశ్న అడిగినవారు

ఇప్పుడే చూశాను. నేల గట్టిగానే ఉంది కానీ పై సీలు వెనుక మూల దగ్గర జానెడు పొడుగున బీటలు వారింది. కొత్తది తెప్పిస్తున్నాను, అది వచ్చేదాకా ట్రైలర్‌ను షెడ్డు కిందే ఉంచుతాను.